పటం లేని గెజిట్

"అరగంటండీ మొగిలి గారూ. కబురు అందిన అరగంటలో దొంగను పట్టి పోలీసుల చేతిలో పెట్టాను. మీరేమో రెండు రోజులు పోయాక తీరిగ్గా వచ్చారు. ఇంకా పట్టడానికి ఏం మిగిలిందండీ ఇక్కడ?"

యజ్ఞనారాయణ ఇస్త్రీ చొక్కా నలగకుండా నవ్వాడు. డీఎస్పీగా రిటైరై, ఇప్పుడు ఈ టవరుకు సెక్యూరిటీ సలహాదారుగా ఉన్నాడు. కాకినాడ వదిలి ముప్పై ఏళ్లయినా ఆయన మాటలో 'అండీ' అరగలేదు, గొంతులో లాఠీ విరగలేదు.

"పట్టుడు అల్కనే సార్," అన్నాడు మొగిలి. "పట్టినోణ్ని ఇడిపిచ్చుడే కష్టం. నాకు గా పనే మిగిలింది."

మొగిలిపువ్వుకు వాసన ముందు, ముల్లు వెనక. డిటెక్టివ్ మొగిలికి మాట ముందు, ప్రశ్న వెనక. చందానగర్ మార్కెట్లో పదిహేనేళ్లు డీటీపీ సెంటరు నడిపి, ఊళ్లోవాళ్ల పెళ్లిపత్రికలన్నీ టైపు చేసి, చివరికి ఆ పెళ్లికొడుకుల డిగ్రీ పత్రాలు ఎంతవరకు నిజమో కనుక్కునే పనిలోకి దిగాడు. పత్రిక నుంచి పత్రానికి, పత్రం నుంచి పాత్రకు. అలా డిటెక్టివ్ అయ్యాడు. యాభై దాటిన వయసు, ముందుకు నడిచే పొట్ట, వెనక్కి నడవని పట్టుదల.

కేసు చూడ్డానికి చిన్నదే. మంగళవారం సాయంత్రం ఈ తొమ్మిదో అంతస్తు ఆఫీసులో పనిచేసే నరేందర్, మంటలొస్తే దిగడానికి కట్టిన మెట్ల మీద తల పగిలి పడి ఉన్నాడు. అతణ్ని చూసినవాడు, వీపున వేసుకుని కిందికి మోసుకొచ్చినవాడు, దవాఖానకు చేర్చినవాడు ఒక్కడే. గార్డు ఎల్లేశం. అతని చొక్కా నిండా నరేందర్ రక్తం, జేబులో నరేందర్ ఫోను. నరేందర్ లాప్‌టాప్ మాత్రం మాయం. ఇంకేం కావాలి? నరేందర్ ఇప్పటికీ కళ్లు తెరవలేదు. స్టేషన్లో ఎల్లేశం కళ్లు మూయలేదు. అరెస్టు నిన్న సాయంత్రం రాశారు, ఈ రోజు నాలుగింటికి అతణ్ని మేజిస్ట్రేటు ముందు పెడతారు, అటునుంచి అటే జైలు.

ఎల్లేశం భార్య భాగ్యమ్మ బయట రిసెప్షన్లో, తన బరువు సోఫాకు ఎక్కువవుతుందేమో అన్నట్టు అంచు మీద కూర్చుని ఉంది. ఎదురు టవర్లో హౌస్‌కీపింగ్ పని ఆమెది. లోపలికి వచ్చేముందు మొగిలిని ఒక్కటే అడిగింది.

"నాలుగింటికంట అన్నా. గా లోపట ఏమన్న అయితదా?"

"నేరం లేశమంత లేనోడమ్మా నీ ఎల్లేశం. పేరులనే ఉన్నది. పరేషాన్ గాకు. నాలుగు కొట్టకముందే నేనే ఎవరినన్న కొడ్త."

ఆమె నవ్వలేదు. మొగిలికి అది గుర్తుండిపోయింది. తన చమత్కారానికి నవ్వని మనిషి కనిపిస్తే, ఆ మనిషి నవ్వేదాకా అతను ఊరుకోడు.

సమావేశం గదిలో గోడ గడియారం రెండు దాటింది. బల్లకు ఆ చివర సంస్థ యజమానురాలు ప్రియదర్శిని కూర్చుంది. సంస్థ పేరు 'పక్కాపత్రం'. స్థలమో ఫ్లాటో కొనేవాళ్ల తరఫున ప్రభుత్వ వెబ్‌సైట్లన్నీ గాలించి, ఆ భూమి మీద ఏ ఉత్తర్వు ఉంది, ఏ కేసు ఉంది, కింద ఏ చెరువు ఉంది అని చెప్పడం వాళ్ల వ్యాపారం. పూర్వం జీవో కావాలని ఆఫీసుకు పోతే "జీ, వో నహీఁ హై" అనేవాళ్లు. ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్లో ఉన్నాయి. దొరకవు, అంతే తేడా. ఆ తేడా మీదే ఈ కంపెనీ బతుకుతోంది.

"మొగిలి గారూ, త్వరగా ముగించండి ప్లీజ్," అంది ప్రియదర్శిని. "మూడింటికి నాకు క్లయింట్ కాల్ ఉంది."

"క్లయింటు ఎవరు మేడమ్?"

"నీలాంబర టవర్స్. నలభై అంతస్తుల ప్రాజెక్టు. వాళ్లకు క్లియరెన్స్ రిపోర్టు మేమే ఇస్తున్నాం. ఎందుకు?"

"నాలుగింటికి నా క్లయింటుకు కూడ కాల్ ఉన్నది. గది జైలు కెల్లి."

ఆమె పక్కన కుమార్ ఉన్నాడు. నరేందర్ పక్క సీటువాడు, సీనియర్ అనలిస్టు. నీటుగా దిద్దిన గడ్డం, మెడలో ఐడీ కార్డు. ఆ కార్డు పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు.

"కుమార్ సార్, మంగళవారం సాయంత్రం నువ్వు యాడున్నవ్?"

"నా డెస్క్ దగ్గరే. రిపోర్ట్ వర్క్ చేస్కుంటున్నా."

"నరేందర్ లేచి పోయింది చూసినవా?"

"చూడలే. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా."

"ఆఖరుకు ఎప్పుడు మాట్లాడినవ్ అతనితోటి?"

"లంచ్‌లో. మామూలు మాటలే."

"అతని భార్య సరితను నిన్న దవాఖానల కలిసిన. వారం సంది అతను ఒకటే పేరు పలవరిస్తుండెనంట. సింగన్నకుంట గెజిట్ అని. అదేంది?"

కుమార్ వేలికి చుట్టిన పట్టీ ఒక్క క్షణం ఆగింది. తర్వాత భుజాలు ఎగరేశాడు.

"అదా? ఏం సీక్రెట్ కాదు సార్. పాత గెజిట్. ఆ కుంట హద్దులు, దాని కాలువ ఏ సర్వే నంబర్లలో నుంచి పోతది అని నోటిఫికేషన్. నిన్న పోలీసులు ఆ పేరు అడిగి పోయినాక, వాళ్లకు పనికొస్తదేమో అని నేనే వెతికిన. గవర్నమెంట్ సైట్‌లో 'సింగన్నకుంట' అని తెలుగులో టైప్ చేసిన. ఫస్ట్ రిజల్టే గెజిట్ వచ్చింది. ప్రింట్ తీసి యజ్ఞనారాయణ సార్‌కు ఇచ్చిన."

"నిన్నటికి ముందు నీకు దాని సంగతి తెల్వదు?"

"అస్సలు తెల్వదు. నరేందర్ నాకు చెప్పలే."

యజ్ఞనారాయణ తన ఫైలులోంచి ఆ ప్రింటు తీసి బల్ల మీద జరిపాడు. "చూడండి. లోకమంతా చూడగలిగే కాగితమండీ. దీనికోసం ఒక మనిషి తల ఎవరు పగలగొడతారు? లాప్‌టాప్ కోసం గార్డు పగలగొట్టాడు. సింపుల్."

మొగిలి ప్రింటు చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాల వంక చూశాడు. గుండ్రని 'క', వాలుగా నిలబడ్డ తలకట్టు, పక్కకు జరిగిన ఒత్తు. చిన్ననాటి దోస్తు రోడ్డు మీద ఎదురైనట్టు అతని ముఖం విప్పారింది. ప్రింటు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"ముందుగాల మెట్లు చూద్దాం పాండ్రి సార్."

మెట్ల తలుపు మీద ఎర్ర అక్షరాలతో ఫైర్ ఎగ్జిట్ అని రాసుంది. ఈ కంపెనీల్లో ముందు ఫైర్ చేస్తారు, తర్వాత ఎగ్జిట్ చూపిస్తారు అనుకున్నాడు మొగిలి. తలుపు లోపలి నుంచి తోస్తే తెరుచుకుంది. ఇద్దరూ మెట్ల మీదికి రాగానే వెనకాల దానంతటదే మూసుకుని టక్కుమంది.

"ఇప్పుడు లోపలికి ఎట్ల పోవాలె?" అన్నాడు మొగిలి.

"ఉద్యోగి కార్డు కావాలండీ. నా దగ్గరుంది."

"అన్ని అంతస్తుల్ల గింతేనా?"

"అంతే. మెట్ల వైపు నుంచి ఏ అంతస్తులోకి పోవాలన్నా, ఆ అంతస్తు కార్డుండాలి. ఒక్క గ్రౌండ్ ఫ్లోరే మామూలు తలుపు."

"గార్డుల కార్డుకు ఏ తలుపు తెరుసుకుంటది?"

యజ్ఞనారాయణ గర్వంగా చెప్పాడు. "ఏదీ తెరుచుకోదు. ఆ రూలు పెట్టింది నేనే. కాపలావాడికి లోపలికి దారి ఇవ్వకూడదండీ. ఇస్తే కాపలా ఎవరి నుంచి?"

మొగిలి ఏడెనిమిది మెట్లు దిగి మలుపు దగ్గర ఆగాడు. గచ్చు కడిగినా సందుల్లో ఎండిన నెత్తురు నల్లగా మిగిలి ఉంది. గోడకు ఒక గాజు కిటికీ. దాన్ని వేలితో తట్టాడు. చుట్టూ గట్టిపడ్డ జిగురు. తెరిచేందుకు గడియ లేదు, పిడి లేదు. పై మూలలో సాలెగూడు చెక్కుచెదరకుండా ఉంది.

"లాప్‌టాప్ ఎటువోయింది సార్?"

"కిటికీలోంచి కిందున్న వాడికి విసిరేశాడని నా అనుమానం."

"ఏ కిటికీల కెల్లి? ఇది కొట్టినా తెరుసుకోదు. సాలీడు కూడ ఇల్లు ఖాళీ చెయ్యలే. అద్దం ఇట్లనే ఉండంగ అందుల కెల్లి లాప్‌టాప్ పోయిందంటే, ఎల్లేశం గార్డు కాదు, గారడోడు."

యజ్ఞనారాయణ మీసం దువ్వుకున్నాడు. "అయితే చంకలో పెట్టుకుని దిగుంటాడు."

"కింద తలుపు కాడ మీ కెమెరా ఉన్నది గదా. గ రికార్డు మీరే పోలీసోళ్లకు ఇచ్చిన్రు. ఎల్లేశం ఎట్ల బయటికొచ్చిండు?"

"నరేందర్‌ను వీపున వేసుకుని."

"చేతులు?"

"రెండు చేతులతో అతని కాళ్లు పట్టుకుని ఉన్నాడు."

"సంచి?"

"లేదు," అంటూ యజ్ఞనారాయణ కిటికీని తనే ఒకసారి తోసి చూశాడు.

"సార్, ఇంకోటి. గ ఫోను దొంగతనం చేసిండు అంటిరి. సరిత ఫోన్ చేస్తే గా ఫోన్ ఎత్తింది ఎవరు? ఎల్లేశమే. 'అమ్మా, సారు పడ్డడు, దవాఖానకు ఉరికి రా' అని చెప్పింది ఎల్లేశమే. దొంగిలించిన ఫోను ఎత్తి, దొంగతనం అయినోళ్ల ఇంటికే పత్తా చెప్పే దొంగను మీ సర్వీసుల ఎంతమందిని చూసిన్రు?"

"తెలివైన దొంగలు ఉంటారండీ."

"గంత తెలివి ఉన్నోడు మీకు అరగంటల దొరుకుతడా?"

ఆ దెబ్బ తగిలింది. యజ్ఞనారాయణ ముఖం ఎర్రబడింది. "మొగిలి గారూ, నేను ముప్పై ఏళ్లు నేరస్థుల్ని చూసినవాణ్ని. మీరు పెళ్లిసంబంధాలు చూసినవారు. ఆ తలుపు చూడండి. దానిమీద నెత్తుటి చెయ్యి ఎవరిది? పోలీసులు తేల్చారు, ఎల్లేశానిది. పెనుగులాట జరిగిందనడానికి ఇంతకంటే ఏం కావాలి?"

మొగిలి మెట్లెక్కి తలుపు దగ్గరికి వచ్చాడు. బూడిదరంగు తలుపు మీద మరకలు, ఛాతీ ఎత్తున, ఒకదాని మీద ఒకటి. విప్పిన అరచేతివి రెండు. మిగతావన్నీ పిడికిలివి. అతను తన పిడికిలి బిగించి, మరకలకు అంగుళం దూరంలో గాలిలో ఆడించి చూపించాడు.

"పెనుగులాట మనిషితోటి ఐతది సార్, తలుపుతోటి కాదు. ఇది కొట్టుడు. పడిపోయినోణ్ని ముట్టుకున్న చేతులతోని లేచొచ్చి, తెరువున్రి తెరువున్రి అని కొట్టిండు. లోపల లిఫ్టు ఉన్నది, మనుషులున్నరు. ఆయన కార్డుకు తలుపు తెరుసుకోదు. ఎవరూ తియ్యలే. గందుకే తొమ్మిది అంతస్తులు మోసుకుంట దిగిండు."

రూలు పెట్టిన మనిషి, ఆ రూలు మీద పడిన పిడికిలి గుర్తులను చూస్తూ నిలబడ్డాడు. అవి పైనుంచి కిందికి పోను పోను పలచబడ్డాయి. కొట్టి కొట్టి చెయ్యి జారినట్టు.

"లాప్‌టాప్ కిందికి పోలే, కిటికీల కెల్లి పోలే," అన్నాడు మొగిలి నెమ్మదిగా. "ఇగ మిగిలింది గీ తలుపే. కార్డు ఉన్నోడు తీస్కపోయిండు."

యజ్ఞనారాయణ తన కార్డు తీసి తలుపుకు చూపించాడు. పచ్చలైటు వెలిగింది. ఈసారి ఆయన నవ్వలేదు, 'అండీ' అనలేదు. "వెళ్దాం" అని మాత్రం అన్నాడు.

సమావేశం గదిలో గోడకు పెద్ద తెర ఉంది. మొగిలి ప్రియదర్శినిని ప్రభుత్వ పత్రాల వెబ్‌సైట్ అందులో తెరవమన్నాడు. అది తెరుచుకునేలోపు తెర మీది చక్రం మూడుసార్లు తిరగలిలా తిరిగింది. పోర్టల్ అంటారు గానీ, దానితో రోజూ పోరుటే. తర్వాత వంకరటింకర అక్షరాలు చూపించి, నువ్వు మనిషివేనా అని అడిగింది.

"దీన్ని క్యాప్చా అంటరా మేడమ్? ఏమడిగిందో సమజ్ కాలే, క్యా పూఛా అంటే సరిపోతుండె." మొగిలి కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపాడు. "కుమార్ సార్, నిన్న టైపు చేసినట్టే చెయ్యి. తెలుగుల. సింగన్నకుంట."

కుమార్ టైపు చేశాడు. వేళ్లు రెండుసార్లు తప్పాయి. మీట నొక్కాడు.

ఒకే ఒక్క ఫలితం వచ్చింది. దాని పేరు గెజిట్ కాదు. 'సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు జవాబు' అని ఉంది.

ఇది మొగిలి ఊహించనిది. ఏమీ రాదనుకున్నాడు. అయినా ముఖంలో కనబడనివ్వలేదు. "గెజిట్ ఏది?"

"నిన్న వచ్చింది సార్. సర్వర్ ఇష్యూ అయ్యుంటది."

"సర్వర్ మీద సర్వం తొయ్యకు. మేడమ్, తెర మీద ఇంకో విండోల గెజిట్ల లిస్టు తియ్యున్రి. ఈ ప్రింటు మీద సంవత్సరం, నంబరు ఉన్నయి. అవి కొట్టున్రి."

ప్రియదర్శిని కొట్టింది. గెజిట్ తెరుచుకుంది. మొదటి పేజీలోనే 'సింగన్నకుంట' అని లావు అక్షరాలతో ఉంది.

"చూశారా, ఉంది," అన్నాడు కుమార్, ఊపిరి వదిలి.

"ఉన్నది. ఇప్పుడు మేడమ్, ఆ సింగన్నకుంట అన్న మాటను కాపీ చేసి, ఖాళీ పేజీ మీద అతికించున్రి."

ఆమె అతికించింది. తెర మీద తెలుగు రాలేదు. ఇంగ్లిష్ అక్షరాలు, ఒక కూడిక గుర్తు, ఒక డాలర్ గుర్తు, మళ్లీ ఇంగ్లిష్ అక్షరాలు, అన్నీ కలిసి తూర్పుకూ పడమరకూ పరుగెత్తుతున్నట్టు వచ్చాయి. ప్రియదర్శిని కనుబొమలు ముడిపడ్డాయి.

"ఫైల్ కరప్ట్ అయిందా?"

"ఫైలు మంచిగనే ఉన్నది. ఈ ముఖం నాకు పరిచయం," అన్నాడు మొగిలి, తెర మీది అక్షరాలను ఆప్యాయంగా చూస్తూ. "పదిహేనేండ్లు వీటితోనే అన్నం తిన్న. పాత డీటీపీ అక్షరాలివి. అప్పట్ల పెళ్లిపత్రికైనా, గెజిట్టైనా వీటితోనే టైపు. మన కంటికి తెలుగు లెక్క కనబడ్తది, లోపల మాత్రం ఇంగ్లిష్ మీటలు. తెలుగు వేషం కట్టిన ఇంగ్లిష్‌దొర. కంప్యూటర్‌కు దీంట్ల సింగన్న లేడు, కుంట లేదు. నువ్వు ఇయ్యాల తెలుగుల టైపు చేసి వెతికితే ఇది రాదు. నిన్న రాలే. ఎన్నడూ రాదు. నంబరు ముందే తెలిసినోనికే దొరుకుతది."

ప్రియదర్శిని కుమార్ వైపు తిరిగింది.

"సీక్రెట్ కాదంటివి. నిజమే. అంగట్ల పెట్టి, ఎవరికీ కనబడకుండ పెట్టిన్రు. నీకు నంబరు ఎవరు చెప్పిన్రు కుమార్?"

"అది... ఎక్కడో చూసిన. గుర్తులేదు."

"నేను గుర్తు చేస్త. మేడమ్, ఆ ఒక్క ఫలితం ఏందో తెరువున్రి."

సమాచార హక్కు జవాబు తెరుచుకుంది. అది కొత్త కాగితం, ఇప్పటి అక్షరాల్లో టైపు చేసింది. అందుకే వెతుకులాటలో దొరికింది. సింగన్నకుంట గెజిట్ నంబరు, సంవత్సరం అందులో ఉన్నాయి. తేదీ సోమవారం.

"గిదీ నీకు నంబరు దొరికిన తొవ్వ," అన్నాడు మొగిలి. "ఎప్పుడు చూసినవ్ దీన్ని?"

"నిన్ననే. నిన్న పోలీసులు పోయినాక. చెప్పడం మర్చిపోయిన, అంతే. దాంట్ల తప్పేముంది సార్?"

కుంట మీద కుంటిసాకు. అయినా పట్టుకోవడానికి మొగిలి దగ్గర అంతకుమించి లేదు. గడియారం మూడుకు దగ్గరపడింది. ప్రియదర్శిని ఫోను బల్ల మీద వణికింది. నీలాంబర వాళ్ల పేరు వెలిగింది. ఆమె ఎత్తలేదు.

అప్పుడు కిటికీ దగ్గర నుంచి యజ్ఞనారాయణ గొంతు వినిపించింది. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "ఆఁ, తొమ్మిదో అంతస్తు మెట్ల తలుపు. మంగళవారం సాయంత్రం, మెట్ల వైపు నుంచి కార్డు పెట్టి లోపలికొచ్చింది ఎవరు? ... చదవమ్మా. ... ఇంకోసారి చదువు." ఫోన్ జేబులో పెట్టుకుని కుమార్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. లాఠీ లేకుండానే గదిలోకి పోలీసు వచ్చాడు.

"ఈ రికార్డు మొన్ననే అడగాల్సిందండీ నేను. అడగలేదు. గార్డు దొరికాడు కదా అనుకున్నాను." ఆ మాట మొగిలి వైపు చూడకుండా అన్నాడు. "కుమార్ గారూ, మీరు డెస్కు దగ్గరే ఉంటే, మీ కార్డు మెట్ల మీదికి ఎలా షికారు పోయింది?"

కుమార్ ఐడీ కార్డును మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని దాచేస్తే జరిగింది దాగుతుందేమోనని దానిమీద చెయ్యి కప్పాడు.

"నేను తొయ్యలే సార్. బ్యాగ్ గుంజిన. వాడు ఇడవలే. నేను గట్టిగ గుంజిన, బ్యాగ్ నా చేతికొచ్చింది, వాడు వెనక్కి పోయిండు."

"తర్వాత?"

"లోపలికొచ్చిన." కార్డు మీద చెయ్యి ఇంకా అదిమి పెట్టాడు. "కాసేపటికి తలుపు కొట్టుడు వినబడింది. చానాసేపు కొట్టిండు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న."

ప్రియదర్శిని కుర్చీని అతని పక్క నుంచి దూరంగా జరుపుకుంది. మొగిలికి ఒక్క క్షణం ఏ చమత్కారమూ తోచలేదు. అది అతనికి అరుదైన జబ్బు.

"లాప్‌టాప్ ఎవరికిచ్చినవ్?" అన్నాడు చివరికి.

"నీలాంబరోళ్లకు. వాళ్లే నాకు చెప్పిన్రు, మీ ఆఫీసుల ఎవడో కుంట గురించి కెలుకుతుండు, చూడు అని. సైట్‌లో వెతికితే ఈ జవాబు దొరికింది. చూడంగనే తెలిసింది ఇది నరేందర్ పని అని."

యజ్ఞనారాయణ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. ఇన్‌స్పెక్టర్‌కు అంతా చెప్పాడు, తన తప్పుతో సహా. అవతలి మాటలు విని ఫోన్ దించాడు.

"కోర్టుకు తీసుకెళ్లడం ఆపుతానన్నాడండీ. కానీ వదలనంటున్నాడు. కుమార్ రేపు లాయర్‌తో వచ్చి మాట మారిస్తే ఏం చేస్తారు, ఒక పాత గెజిట్ కోసం ఎవరు ఇంత పని చేస్తారు, కారణం చూపించండి అంటున్నాడు. అది చూపిస్తే ఎల్లేశం ఇంటికి పోతాడు."

"కారణం గెజిట్‌లో లేదు," అన్నాడు కుమార్, తల వంచుకునే. "పటంలో ఉంది."

మొగిలి చంకలోని ప్రింటు తీసి చివరి పేజీ తిప్పాడు. 'కాలువ మార్గం చూపు పటం జతపరచడమైనది' అని ఉంది. ఆ తర్వాత పేజీ లేదు. వెబ్‌సైట్‌లోకి ఎక్కించినవాళ్లు గెజిట్‌ను ఎక్కించారు. పటం దుప్పటంత కాగితం కాబట్టి మడతపెట్టి వదిలేశారు. గెజిట్ కాదది, గజిబిజిట్.

"కాలువ నీలాంబర స్థలం నడుమ నుంచి పోతది సార్. పటం ఉంటే టవర్ లేదు. నరేందర్‌కు అనుమానం వచ్చింది గానీ, చేతిలో పటం లేదు. అందుకే ధ్రువీకరించిన నకలు కావాలని దరఖాస్తు పెట్టిండు. గవర్నమెంట్ ఆఫీసు అల్మారాలో ఉన్న అసలు పటం... మొన్నటి నుంచి అక్కడ లేదంట. నీలాంబరోళ్లే చెప్పిన్రు."

"అంటే ఇప్పుడు లోకంల ఉన్నది గా ఒక్క నకలే," అన్నాడు మొగిలి. "అది యాడున్నది?"

కుమార్ గడియారం వంక చూశాడు.

ఆ చూపు మొగిలికి నచ్చలేదు. తెర దగ్గరికి నడిచి, సమాచార హక్కు జవాబును కిందికి జరిపాడు. నకలు సోమవారమే రిజిస్టర్డ్ పోస్టులో పంపినట్టు రాసుంది. దాని కింద, లోకమంతా చదువుకునేలా, దరఖాస్తుదారు పేరు, చిరునామా. అక్కడ నరేందర్ పేరు లేదు. కంపెనీకి తెలిస్తే ఉద్యోగం పోతుందని అతను దరఖాస్తు మీద భార్యతో సంతకం పెట్టించాడు.

సరిత. ఫ్లాటు నంబరు, అపార్టుమెంటు పేరు, వీధి. మణికొండ.

నిన్న దవాఖానలో సరితను గంటసేపు ప్రశ్నలడిగాడు మొగిలి. నువ్వు దేనిమీదైనా సంతకం పెట్టావా అని మాత్రం అడగలేదు. చూపించాల్సిన పటాన్ని అడుక్కోవాల్సి వచ్చింది, దాచాల్సిన అడ్రసు అడక్కుండానే దొరికింది.

"నీలాంబరోళ్లు పోతే నిన్నంతా ఇల్లు తాళం వేసి ఉండెనంట," అన్నాడు కుమార్. "ఇయ్యాల మళ్ల పోతమన్నరు."

మొగిలి అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుని గదిలోంచి బయటపడ్డాడు. వెనకాలే కారు తాళాలు చేతబట్టుకుని యజ్ఞనారాయణ. రిసెప్షన్లో భాగ్యమ్మ లేచి నిలబడింది. లిఫ్టు ఎక్కడో ఇరవయ్యో అంతస్తులో ఉంది, పైగా అందులో సిగ్నల్ ఉండదు. మొగిలి మెట్ల తలుపు తోశాడు.

మలుపు దాటేసరికి సరిత ఎత్తింది.

"హలో, మొగిలన్నా."

"అమ్మా, యాడున్నవ్? దవాఖానల్నే ఉన్నవా?"

"లేదన్నా, ఇంటికొచ్చిన. స్నానం చేసి పోదామని. మంచిగ ఫోన్ చేసిన్రు. ఆయన ఆఫీసోళ్లు ఇద్దరు వచ్చిన్రు, ఆయనకెట్లుందో చూసిపోదామని. మంచోళ్లన్నా. గంటసేపటి సంది కూసున్నరు. చాయ్ పెడుతున్న."

మొగిలి కాలు మెట్టు మీద ఆగింది. పైన భాగ్యమ్మ చెప్పుల చప్పుడు కూడా ఆగింది. గొంతులో తొందర తెలియకుండా, పెళ్లిసంబంధం మాట్లాడేవాడిలా అన్నాడు. "సరితమ్మా, నేను చెప్పేది విని ఊఁ అను, అంతే. నా పేరు మళ్ల ఎత్తకు. వాళ్లు ఏమన్న అడిగిన్రా?"

"ఊఁ. పోస్టుల ఏమన్న వచ్చిందా అని అడిగిన్రు. ఏమో రాలేదంటి. ఎందుకన్నా?"

"నువ్వు వంటింట్లనే ఉండు. తలుపు..."

ఫోన్లో కాలింగ్ బెల్ మోగింది. పొయ్యి మీద గిన్నె జరిగిన చప్పుడు, సరిత "వస్తున్న" అనడం. ఆ వెంటనే ముందుగదిలో నుంచి, ఎంతో మర్యాదగా, ఒక మగగొంతు.

"పోస్ట్‌మ్యాన్ అయ్యుంటడు మేడమ్. మీరు చాయ్ చూస్కోండి. సంతకం మేం పెడ్తం."